మొక్కకూ ప్రాణం ఉందిగా!

పిల్లలూ! మొన్న శాకాహారం పాఠంలో మీలో ఒకరు, "మొక్కలకూ ప్రాణం ఉందిగా మాస్టారూ, మరి వాటిని తినొచ్చా?" అని అడిగారు. ఆ రోజు జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతాను.

మొక్కలు స్పందిస్తాయని జగదీశ్ చంద్ర బోస్ (1858-1937) పరికరాలతో చూపించారు. అయితే నొప్పి తెలియాలంటే నరాలు, మెదడు ఉండాలంటారు శాస్త్రజ్ఞులు. అవి మొక్కకు లేవు, కోడికి ఉన్నాయి. ఖర్జూరపు గెల కోస్తే చెట్టు చావదు, మేకను కోస్తే మేక మిగలదు.

పైగా పశువులు తినేదీ మొక్కలనే. ఇక్కడి ఎడారిలో పాడి పశువుల కోసం లూసర్న్ గడ్డి పెంచడంతో భూగర్భజలం తరిగిపోయింది. పెద్ద పొలాల్లో ఆ సాగును మూడేళ్లలో ఆపాలని సౌదీ ప్రభుత్వం 2015లో నిర్ణయించింది. అంటే పాలు, మాంసం వెనుక బోలెడు మొక్కలు, నీళ్లు ఉన్నాయన్నమాట.

అలాగని ఎవరి కంచాన్నీ తప్పుపట్టకండి. శుక్రవారం మా ఇంట్లోనూ కోడికూరే! కానీ మీ ప్రశ్న విన్నాక వడ్డించుకునేది తగ్గించాను, పారేయడం మానేశాను.

అభ్యాసం: నిన్న మీ కంచంలో ఏం మిగిలింది? దాని వెనుక ఏయే ప్రాణాలున్నాయో అమ్మానాన్నలతో కలిసి రాయండి.