శెట్టిగారి మేడకు డంగు సున్నం

దాచేపల్లి వైపు పాత వ్యాపారుల ఇళ్లు కొండగుర్తులు. "శెట్టిగారి మేడ దాటి కుడివైపు" అంటే చిరునామా అయిపోయినట్టే. అలాంటి ఇంటి గోడ పెచ్చులూడితే ముందు సిమెంటు బస్తా దిగుతుంది. ఇంటికి చేటు అక్కడే. నాపరాయి, సున్నంతో కట్టిన గోడ వానకు చెమ్మ పీల్చి ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు మెత్తితే చెమ్మకు దారి మూసుకుపోయి, ఉప్పు పొంగి, కొన్నేళ్లకు ఆ పూత రాతి పైపొరను కూడా లాక్కుని ఊడిపడుతుంది.

సున్నానికి దూరం పోనక్కర్లేదు. పక్కనున్న పిడుగురాళ్ల బట్టీలకు పేరుపడ్డ ఊరు. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల్లో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి రాతిసున్నం మిగులుతుంది. గడ్డలే కొనండి. పొడి అయిందంటే గాలికి సగం చచ్చినట్టే.

గుంటలో ముందు నీళ్లు పోసి గడ్డలు కొద్దికొద్దిగా వెయ్యాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు. కుతకుత ఉడుకుతుంది, కళ్లద్దాలూ తొడుగులూ లేకుండా దగ్గరికి పోవద్దు. జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిపి, కనీసం నెలైనా మాగనివ్వాలి.

ఒక వంతు సున్నానికి రెండున్నర, మూడు వంతులు కడిగిన ఏటి ఇసుక. అసలు పని గానుగలో. గుండ్రటి కాలువలో ఎద్దులు రాతిచక్రం తిప్పుతుంటే ముద్ద నలిగి జిగట పట్టేది, అదే డంగు సున్నం. ఎద్దులు లేకపోతే రోట్లో దంచినా సరే, నలగడం ముఖ్యం. నలగ్గొట్టిన కరక్కాయలు, బెల్లం రోజుల తరబడి నానబెట్టిన నీళ్లే ఇందులో పోస్తారు. కంపు భరించాలి. బెల్లం ఎక్కువైతే పూత త్వరగా బిగియదు. చెట్టినాడు మేడల పైపూతలో గుడ్డు తెల్లసొన కూడా కలిపేవారు. మన శెట్టిగారింట ఆ మాట ఎత్తకపోవడమే మేలు.

పాత పెచ్చులు గీకి, సందుల్లో మట్టి తీసి, గోడను బాగా తడపండి. ఒక్కో పొర అరంగుళం మించకూడదు. కింది పొర బిగిశాకే పైది. తర్వాత తడి గోనెసంచులు వేలాడదీయాలి. పల్నాటి ఎండ ఒక్కరోజులో తడి లాగేసి బీటలు తెస్తుంది కాబట్టి ఈ పని వానలు వెళ్లాక కార్తీకంలో పెట్టుకోవాలి, వేసవిలో వద్దు. పోయిన కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోంచి తిరిగి పీల్చుకుని పూత మళ్లీ రాయిగా మారడానికి నెలలు పడుతుంది. పైన వెల్లే వెయ్యండి, ప్లాస్టిక్ రంగులు వద్దు.

మేడ ముందు అరుగు మీద ఊరంతా కూర్చుంటుంది కాబట్టి ఖర్చులో ఊరూ ఓ చెయ్యి వెయ్యాలి. మీ వైపు డంగు సున్నం తెలిసిన పెద్ద మేస్త్రీ ఎవరైనా ఉంటే ఈ కార్తీకానికే పిలిపించండి, పక్కన ఇద్దరు కుర్రాళ్లను పనికి పెట్టండి.