నొప్పికి మందు – చట్టము చూపిన మార్గము
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

దీర్ఘరోగముతో మంచము పట్టిన మనిషి నొప్పితో రాత్రులు నిద్రలేక మూలుగుచుండుట మన గ్రామములకు క్రొత్త విషయము కాదు. క్యాన్సరు ముదిరిన రోగికి సామాన్యమైన నొప్పి బిళ్ళలు పనిచేయవు. అట్టి ఇంట ఇరుగుపొరుగువారు చెప్పు మాటలలో ఒకటి ఇటీవల తరచుగా వినవచ్చుచున్నది. "గంజాయి నూనె ఇచ్చినచో నొప్పి తగ్గునట, క్యాన్సరు కూడ కరగిపోవునట. కొన్ని దేశములలో ప్రభుత్వమే అనుమతి కాగితము ఇచ్చుచున్నదట. మనకును అట్టి కాగితము దొరకునా?" ఈ ప్రశ్న తుదకు వచ్చి చేరునది సర్పంచి ఇంటి అరుగు మీదికే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పంచాయతీ సభ్యులు దీనికి నిశ్చయమైన సమాధానము చెప్పగలుగవలెనని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

సమాధానము రెండు భాగములు. రోగికి గంజాయి ఉంచుకొనుటకు అనుమతి కాగితము ఇచ్చు పద్ధతి మన రాష్ట్రమున లేదు. కాని తీవ్రమైన నొప్పికి గంజాయికంటె నమ్మదగిన మార్ఫీను అను మందును చట్టసమ్మతముగా పొందు మార్గము కలదు. మొదటి భాగము మాత్రము చెప్పి రోగిని త్రిప్పి పంపినచో అతనికి మేలు చేసినవారము కాము. రెండవ భాగమును చూపుటయే మన కర్తవ్యము.

1. గంజాయి విషయమున చట్టము

మత్తుపదార్థములకు సంబంధించిన కేంద్ర చట్టము 1985లో ఏర్పడి, ఆ సంవత్సరము నవంబరు 14వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీనిని క్లుప్తముగా ఎన్.డి.పి.ఎస్. చట్టమందురు. గంజాయి మొక్కను పెంచుట, గంజాయిని కొనుట, అమ్ముట, ఉంచుకొనుట, సేవించుట దీని 8వ సెక్షను ప్రకారము నిషిద్ధములు. వైద్యమునకును, శాస్త్ర పరిశోధనకును మినహాయింపు కలదు. అయితే ఆ మినహాయింపు ప్రభుత్వపు లైసెన్సు పొందినవారికే గాని, తనంతట తాను వైద్యము చేసికొనువానికి కాదు. గంజాయి మొక్కను పెంచినవానికి పదేండ్లవరకు కఠిన కారాగార శిక్షయు, లక్ష రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును. దగ్గర దొరికినది ఒక కిలోకు మించకున్నను ఏడాదివరకు జైలుశిక్ష, పదివేల రూపాయలవరకు జరిమానా, లేక రెండును పడవచ్చును. "మా నాయనకు మందుకొరకు తెచ్చితిని" అను మాట శిక్షను తప్పింపదు.

ఈ చట్టపు 47వ సెక్షను పంచాయతీ సభ్యులను ప్రత్యేకముగా పేర్కొనుచున్నది. గ్రామమున ఎవరైనను అక్రమముగా గంజాయి పైరు వేసినట్లు తెలిసినచో సర్పంచియు, పంచాయతీ సభ్యులును వెంటనే పోలీసులకుగాని, సంబంధిత శాఖాధికారులకుగాని తెలుపవలెను. తెలిసియు ఉపేక్షించినవారు శిక్షార్హులు.

విదేశముల సంగతి వేరు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1996లోను, కెనడా దేశము 2001లోను రోగులకు గంజాయి వాడుటకు అవకాశమిచ్చినవి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదక ద్రవ్యముల సంఘము గంజాయిని మిక్కిలి కఠినమైన పట్టికనుండి తొలగించినది. మన దేశము కూడ ఆ నిర్ణయమునకు అనుకూలముగా ఓటు వేసినది. అయినను గంజాయి నేటికిని అంతర్జాతీయ నియంత్రణలోనే యున్నది. మన చట్టపు నిషేధమును ఆ ఓటు సడలింపలేదు.

గంజాయి మొక్కలో ఔషధ గుణములు అసలే లేవని మేము చెప్పుటలేదు. దానినుండి శుద్ధిచేసి తీసిన ఒక మందును పిల్లలకు వచ్చు కొన్ని తీవ్రమైన మూర్ఛరోగములకు వాడుటకు 2018లో అమెరికా ప్రభుత్వము ఆమోదించినది. క్యాన్సరు మందులవలన కలుగు వాంతులకు కూడ ఆ జాతి మందులు కొన్ని ఉపయోగపడుచున్నవి. కాని గంజాయి నూనె మనుష్యులలో క్యాన్సరును నయము చేయునని ఋజువు కాలేదు. చాటుగా అమ్ము నూనెలో ఏమి కలదో, ఎంత మోతాదు కలదో అమ్మువానికే తెలియదు. ఆ నూనెను నమ్మి ఆసుపత్రి చికిత్స మానినవాడు, నయము కాదగిన కాలమును పోగొట్టుకొనుచున్నాడు.

ఆయుర్వేదమున గంజాయి ఆకును విజయ అందురు. విడి ఆకు కేంద్ర చట్టపు నిర్వచనములోనికి రాకున్నను, రాష్ట్ర ఆబ్కారీ చట్టపు కట్టడి దానికి వేరుగా కలదు. విజయతో లైసెన్సు పొందిన సంస్థలు తయారుచేయు మందులు కొన్ని కలవు. అట్టి మందుల పొట్లముపై వైద్యుని పర్యవేక్షణలోనే పుచ్చుకొనవలెనను హెచ్చరిక ఉండవలెనని ఔషధ నియమములు విధించుచున్నవి. కనుక రిజిస్టరు అయిన ఆయుర్వేద వైద్యుని చీటీ, లైసెన్సు నంబరు గల పొట్లము, రసీదు అను మూడును లేనిదే దానిని తాకరాదు. ముదిరిన క్యాన్సరు నొప్పికి అది మార్ఫీనునకు బదులు కాదు.

2. మార్ఫీను – అడ్డంకి, దాని తొలగింపు

మార్ఫీను నల్లమందునుండి తీయబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సరు నొప్పికి మూడు మెట్ల చికిత్సను సూచించినది. మొదటి మెట్టున సామాన్యపు బిళ్ళలు, రెండవ మెట్టున కొంచెము బలమైనవి, మూడవ మెట్టున మార్ఫీను. నోటిద్వారా, వేళ తప్పక, నొప్పి తిరిగి రాకముందే మందు ఇచ్చుట ఈ పద్ధతిలోని కీలకము.

నల్లమందు కొరకు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వ లైసెన్సుతో రైతులు గసగసాల పైరు పెంచుచున్నారు. నీమచ్, ఘాజీపూర్ పట్టణములలో నల్లమందును శుద్ధిచేయు ప్రభుత్వ కర్మాగారములు కలవు. ముడిసరకు మన దేశమున పండుచున్నను, మన రోగికి మందు దొరకుట దుర్లభమైనది. 1985 చట్టము వచ్చిన పిమ్మట ఆసుపత్రులు పలు శాఖలనుండి పలు లైసెన్సులు పొందవలసివచ్చెను. ఒకటి చేతికి వచ్చునప్పటికి మరియొకదాని గడువు తీరుచుండెను. చిన్న పొరపాటునకు కూడ కఠిన శిక్ష యుండుటచే వైద్యులును, మందుల అంగళ్ళవారును వెనుదీసిరి.

ఈ ఇబ్బందిని తొలగించుటకు పార్లమెంటు 2014లో చట్టమును సవరించినది. 2015 మే 5వ తేదీన కేంద్ర ప్రభుత్వము మార్ఫీనుతో సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధములుగా ప్రకటించి, దేశమంతటికి ఒకే విధమైన నియమములను ఏర్పరచినది. వీని ప్రకారము ఆసుపత్రి రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారినుండి గుర్తింపు పొందినచో చాలును. ఈ గుర్తింపు మూడేండ్లు చెల్లును. గుర్తింపు పొందు ఆసుపత్రిలో నొప్పి నివారణయందు శిక్షణ పొందిన వైద్యుడు ఒకరైనను ఉండవలెను. రోగి మాటకు వచ్చినచో, నియమములను అనుసరించి ఒక పర్యాయము తన వాడుకకొరకు ఇచ్చిన మేరకు మందును అతడు తనయొద్ద ఉంచుకొనవచ్చును. అందులకు వేరే లైసెన్సు అక్కరలేదు. వైద్యుని చీటీయే అతనికి ఆధారము.

3. రోగి కుటుంబము నడువవలసిన దారి

పెన్నా తీరమున ఒక పల్లెలో వృద్ధురాలికి నోటి క్యాన్సరు ముదిరినదనుకొందము. కుమారుడు ఆమెను వెంటబెట్టుకొని ఊరూరు తిరుగును. ప్రొద్దుటూరు అంగళ్ళలో నగలు అమ్ముడుపోవును. చేను తాకట్టు పడును. నొప్పి మాత్రము తగ్గదు. ఇట్టి కుటుంబమునకు మనము చెప్పవలసిన దారి ఇది.

(అ) రోగ నిర్ణయపు కాగితములు, పరీక్షల ఫలితములు, ఇదివరకు వాడిన మందుల చీటీలు ఒక సంచిలో భద్రపరచవలెను. ఇవి లేనిదే ఏ వైద్యుడును మార్ఫీను వ్రాయుటకు సాహసింపడు.

(ఆ) ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని చూపించి, పెద్ద ఆసుపత్రికి సిఫారసు చీటీ పొందవలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడింటను ప్రభుత్వ ఆసుపత్రులు కలవు. కడపలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి యున్నది. క్యాన్సరు చికిత్సకు తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రియు, 2022లో ప్రారంభమైన శ్రీవేంకటేశ్వర క్యాన్సరు సంస్థయు కలవు.

(ఇ) పయనమునకు ముందే ఒక ప్రశ్న అడిగి తెలిసికొనవలెను. "మీ ఆసుపత్రికి మార్ఫీను గుర్తింపు ప్రస్తుతము చెల్లుచున్నదా? బిళ్ళలు నిలువ యున్నవా?" గుర్తింపు మూడేండ్లకే గనుక పాత సమాచారము చాలదు. పులివెందులనుండి కడపకు సుమారు 70 కిలోమీటర్లు. కడపనుండి తిరుపతికి సుమారు 140 కిలోమీటర్లు. నొప్పితోనున్న మనిషిని అంత దూరము తీసికొనిపోయి వట్టిచేతులతో మరలించుట కంటె పెద్ద కష్టము లేదు.

(ఈ) డాక్టరు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పథకమున తమ చికిత్స చేరునేమో ఆసుపత్రిలోని ఆ పథకపు సహాయకుని అడుగవలెను.

(ఉ) రోగి మరల ప్రయాణము చేయలేనిచో కుటుంబ సభ్యుడు కాగితములతో వచ్చి మందు తీసికొనవచ్చునా అని మొదటి పర్యాయమే వైద్యుని అడుగవలెను.

4. ఇంట పాటింపవలసిన జాగ్రత్తలు

మార్ఫీను పేరు విన్నంతనే "ఇది అలవాటైపోవును, మత్తు మందు" అని బంధువులు భయపడుదురు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికై వాడు క్యాన్సరు రోగులు వ్యసనపరులగుట అరుదు. "ఇది చివరి మందు, ఇచ్చినచో ప్రాణము పోవును" అనుటయు సరికాదు. తగిన మోతాదులో ఇచ్చినచో రోగి నిద్రించును, తినును, పదిమందితో మాటలాడును.

అయితే నియమము తప్పరాదు. మోతాదును ఇంటివారు తమంతట పెంచరాదు. ఎక్కువైనచో శ్వాస మందగించును. హఠాత్తుగా మానుటయు తగదు. మలబద్ధకము దాదాపు అందరికిని కలుగును గనుక, దానికి మందు కూడ తోడుగా వ్రాయించుకొనవలెను. మొదటి దినములలో వచ్చు వికారము, మగత సాధారణముగా తగ్గిపోవును. బిళ్ళలను తాళము వేసిన పెట్టెలో, పిల్లలకు అందకుండ ఉంచవలెను. ఇతరుల నొప్పికి పంచరాదు. రోగి మరణించినచో మిగిలిన బిళ్ళలను ఇచ్చిన ఆసుపత్రికే అప్పగించి, అప్పగించినట్లు వ్రాయించుకొనవలెను.

5. పంచాయతీ చేయదగిన పని

ఒకప్పుడు కడపయు, మలబారులోని కోళిక్కోడును ఒకే మద్రాసు రాష్ట్రములో నుండెడివి. ఆ కోళిక్కోడులో 1993లో డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు కలిసి నొప్పి నివారణ వైద్యశాలను స్థాపించిరి. క్రమముగా ఊరివారు స్వచ్ఛంద సేవకులై, మంచము పట్టిన రోగుల ఇండ్లకు నర్సులతో కలిసి వెళ్ళసాగిరి. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని రాష్ట్ర విధానముగా చేసికొనగా, అచ్చటి గ్రామ పంచాయతీలు ఈ సేవకు తమ ప్రణాళికలలో చోటిచ్చినవి. హైదరాబాదులో కూడ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఇట్టి సేవ జరుగుచున్నది. మలబారు పల్లెలు చేయగలిగిన పని పెన్నా, పాపఘ్ని తీరముల పల్లెలు చేయలేకపోవుటకు కారణము మాకు కనబడుటలేదు.

మొదటి పని లెక్క తీయుట. ఆశా కార్యకర్త, ఎ.ఎన్.ఎం. సహాయముతో గ్రామమున మంచము పట్టి నొప్పితో బాధపడువారు ఎందరో తెలిసికొనవలెను. రోగుల పేర్లు బహిరంగ సభలో చదువరాదు, సంఖ్య చాలును. రెండవది, గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘమున ఈ విషయము చర్చకు పెట్టుట. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రములు అందింపవలసిన 12 విధముల సేవలలో వృద్ధులకును, దీర్ఘరోగులకును ఉపశమన సేవ చేరియున్నదని సంఘమున గుర్తుచేయవలెను. మూడవది, గ్రామసభలో తీర్మానము చేసి జిల్లా వైద్య ఆరోగ్యాధికారికిని, ఔషధ నియంత్రణ శాఖ జిల్లా కార్యాలయమునకును పంపుట. తీర్మానమును ఇట్లు వ్రాయవచ్చును:

"మా గ్రామమున తీవ్రమైన నొప్పితో బాధపడు దీర్ఘరోగులు ఇందరు గలరు. 2015 నియమముల ప్రకారము మార్ఫీను ఇచ్చుటకు గుర్తింపు పొందిన ఆసుపత్రులు మా ప్రాంతమున ఎవ్వియో, వాని గుర్తింపు ఎప్పటివరకు చెల్లునో వ్రాతమూలముగా తెలుపగోరుచున్నాము. మా సమీప ప్రభుత్వ ఆసుపత్రికి గుర్తింపు లేనిచో, అందలి వైద్యునికి తగిన శిక్షణ ఇప్పించి గుర్తింపు కల్పింపగోరుచున్నాము."

ఒక్క పంచాయతీ వ్రాసిన కాగితము దస్త్రములో నిలిచిపోవచ్చును. మండలములోని పంచాయతీలన్నియు ఇదే తీర్మానమును పంపినచో అధికారులు పట్టించుకొనక తప్పదు. వచ్చిన జవాబును పంచాయతీ కార్యాలయపు నోటీసు బల్లపై అంటింపవలెను.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున నొప్పితో మంచము పట్టినవారు ఎందరు? వారి ఇండ్లకు ఆరోగ్య సిబ్బందిలో ఎవరైనను వెళ్ళుచున్నారా?
2. మార్ఫీను దొరకు సమీపపు ఆసుపత్రి ఏది? గుర్తింపు ఎప్పటివరకు గలదు?
3. గంజాయి నూనెయని అమ్మజూపువాడు ఊరికి వచ్చినచో ఎవరికి తెలుపవలెను?
4. రోగిని ఆసుపత్రికి చేర్చుటకు బండి, తోడుమనిషి కావలసినచో ఊరిలో ఎవరు ముందుకు వత్తురు?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు పంచాయతీ పుస్తకమున వ్రాసియుంచుడు. రేపు అరుగుమీదికి వచ్చి అడుగువానికి వెంటనే దారి చూపవచ్చును.