పాఠం 14: ఇంటికి తగిన వేడినీటి ఏర్పాటు

ఉద్దేశాలు: ఈ పాఠం చదివిన తరువాత మీరు మీ ఇంటికి రోజుకు ఎంత వేడినీరు కావాలో, దానికి ఎంత కట్టె, గ్యాసు లేదా కరెంటు ఖర్చవుతుందో లెక్క కట్టగలుగుతారు. వాటిలో మీ ఇంటికి తగినదాన్ని ఎన్నుకోగలుగుతారు. ప్రమాదాలు జరగకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పగలుగుతారు.

14.1 ముందు నీళ్ళ లెక్క

బస్తరు ప్రాంతం దక్షిణపు కొసన, ఇప్పటి సుక్మా జిల్లా కోంటా తహసీలులో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా కిష్టారం ఉంది. అక్కడ ఒక ఇల్లు ఊహించుకోండి. అవ్వ, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మొత్తం ఐదుగురు. పెంకుటిల్లు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిపట్టిన కాగు. నీళ్ళు చేతిపంపు నుంచి బిందెలతో మోసుకు రావాలి. తునికాకు డబ్బు చేతికి వచ్చింది. చలికాలంలో అవ్వ చన్నీళ్ళు పోసుకోలేకపోతోంది. గీజరు కొందామా అని ఆలోచిస్తున్నారు.

కొట్టుకు వెళ్ళే ముందు కాగితం, పెన్సిలు తీసుకోవాలి. మనిషికి 15 లీటర్ల చొప్పున ఐదుగురికి 75 లీటర్లు. చలికాలం ఉదయం నీరు 20 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్ళ ఉష్ణం కావాలని విశిష్టోష్ణం పాఠంలో చదివారు కదా. కాబట్టి

75 × 4.2 × 20 = 6,300 కిలోజౌళ్ళు.

ఏ సాధనం కొన్నా నీటికి చేరవలసిన వేడి ఇంతే. తేడా అంతా దారిలో ఎంత వృథా అవుతుందన్న దాంట్లోనే ఉంది.

14.2 కట్టెల పొయ్యి, బాయిలరు

ఆరిన కట్టె కిలో కాలితే సుమారు 16,000 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది. మూడు రాళ్ళ పొయ్యి మీద అందులో పదోవంతు మాత్రమే నీటికి చేరిందనుకుంటే, పై నీళ్ళకు రోజుకు దాదాపు 4 కిలోల కట్టె కావాలి. అంటే నెలకు 120 కిలోలు. వంట చెరకు దీనికి అదనం. ఈ 120 కిలోలూ ఎవరి తల మీద ఇంటికి వస్తున్నాయో మీకు తెలుసు. కట్టె ఊరికే వస్తుందని చెప్పేవారు సాధారణంగా మోసేవారు కారు.

పాతకాలపు రాగి బాయిలరు మీరు చూసే ఉంటారు. నడుమ నిలువు గొట్టం, అందులో నిప్పు, చుట్టూ నీళ్ళు. మంట నాలుగు వైపులా నీటిని తాకే గోడల మధ్యనే ఉంటుంది కాబట్టి వేడి గాలికి పోయేది తగ్గుతుంది. పైన గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే, మరోవైపు అంతే వేడినీరు బయటికి వస్తుంది. వేడిలో నాలుగోవంతు నీరు పట్టుకుందనుకున్నా, రోజుకు కిలోన్నర పైచిలుకు కట్టెతో సరిపోతుంది. పుల్లలు, పిడకలు, కొబ్బరి చిప్పలు ఏవైనా కాలుతాయి. రాగిది ఖరీదు ఎక్కువ. రేకు బాయిలరు చౌక, కాని త్వరగా తుప్పు పడుతుంది. నీళ్ళు పోయకుండా నిప్పు వేస్తే అతుకులు ఊడిపోతాయి. గరాటును గాని, ఆవిరి పోయే దారిని గాని ఎప్పుడూ మూయకూడదు.

14.3 గ్యాసు, కరెంటు

2016లో మొదలైన ఉజ్జ్వల పథకంతో గ్యాసు పొయ్యి చాలా పల్లెలకు చేరింది. అయితే కిలో గ్యాసులో ఉండేది సుమారు 46,000 కిలోజౌళ్ళు. అందులో 60 శాతం నీటికి చేరినా, 14.2 కిలోల సిలిండరు ఈ స్నానాలకే రెండు నెలల్లో అయిపోతుంది. వంటకు మళ్ళీ కట్టెలే గతి.

కరెంటు యూనిటు అంటే 3,600 కిలోజౌళ్ళు. కాబట్టి మన 75 లీటర్లకు రోజుకు 1.75 యూనిట్లు. ఇది పెద్ద ఖర్చు కాదు. చిక్కు వేరే చోట ఉంది. నీటిని నిలవ ఉంచే గీజరుకు ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి గొట్టం ద్వారా నీరు రావాలి. బిందెతో పోసే ఇంటికి అది పనికిరాదు. రెండవది వోల్టేజీ. హీటరు శక్తి వోల్టేజీ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు ఇచ్చే గీజరు, 160 వోల్టులకు పడిపోతే 970 వాట్లే ఇస్తుంది. 13 నిమిషాల్లో కాగే నీళ్ళకు 27 నిమిషాలు పడుతుంది. గీజరు పాడైందని దుకాణదారుతో తగవు పడే ముందు వోల్టేజీ చూపించుకోవడం మంచిది.

బకెట్లో ముంచే హీటరు కడ్డీ అన్నిటికంటే చౌక, అన్నిటికంటే ప్రమాదం కూడా. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే నీటిలో చేయి పెట్టాలి. ఎర్తింగు లేని ఇంట్లో, పిల్లలు తిరిగే చోట దాన్ని వాడకపోవడమే మేలు. గ్యాసు గీజరును గాని, బొగ్గుల కుంపటిని గాని తలుపులు మూసిన స్నానాలగదిలో ఉంచరాదు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు; మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు.

14.4 ఎండ

ఇంటి దీపాలకు పెట్టిన సోలారు పలకతో నీళ్ళు కాచుకోవచ్చా అని అభ్యాసకులు తరచు అడుగుతారు. 100 వాట్ల పలక 1.75 యూనిట్లు ఇవ్వాలంటే పదిహేడున్నర గంటల నిండు ఎండ కావాలి. నీళ్ళు కాచే సౌర సాధనం వేరు. అది కరెంటు చేయదు, వేడినే పట్టుకుంటుంది. నిర్వహణ ఖర్చు స్వల్పం. కాని 100 లీటర్ల తొట్టిలో నీళ్ళ బరువే 100 కిలోలు. పెంకుటింటి వాసాలు దాన్ని మోయవు. స్లాబు గాని, నేల మీద వేరే దిమ్మె గాని ఉండాలి. చన్నీళ్ళ ట్యాంకు దానికంటే ఎత్తున ఉండాలి. ముసురు పట్టిన రోజుల్లో మళ్ళీ పొయ్యి వెలిగించక తప్పదు.

మనం ఊహించుకున్న ఇంటికి ఈ ఏడాది గీజరు కంటే బాయిలరే తగినదని మా అభిప్రాయం. రేపు కుళాయి, ట్యాంకు, నిలకడైన కరెంటు వస్తే లెక్క మారుతుంది. అప్పుడు ఎర్తింగు వేయించి, 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించి గీజరు కొనుక్కోవచ్చు.

పాఠగత ప్రశ్నలు

1. బాలింత ఉన్న ఇంట్లో 30 లీటర్ల నీటిని 20 నుంచి 45 డిగ్రీలకు కాచాలి. ఎన్ని యూనిట్ల కరెంటు కావాలి?
2. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్ల గీజరు 115 వోల్టుల దగ్గర ఎన్ని వాట్లు ఇస్తుంది?
3. మీ ఇంట్లో స్నానాలకు వాడే కట్టెను వారం రోజులు తూచి రాయండి. మోసినవారి పేరు కూడా పక్కన రాయండి.

జవాబులు: 1. 3,150 కిలోజౌళ్ళు, అంటే 0.875 యూనిటు. 2. 500 వాట్లు. 3. మీ పట్టికను సంప్రదింపు తరగతికి తీసుకురండి.