ఫ్రీ త్రో: తప్పు, దిద్దుబాటు, గడువు

బాస్కెట్‌బాల్ ఆటలో పదుగురు క్రీడాకారులు ఎడతెగక పరుగిడుచుందురు. ఆ పరుగు నిలిచి, ఒక్క ఆటగాడు మాత్రమే బంతిని చేతబట్టి రింగు వంక చూచుచు నిలుచుండు సమయ మొకటి గలదు. అదియే ఫ్రీ త్రో. ప్రేక్షకులకది విరామము వలె తోచును. ఆటను నడపువారికి మాత్రము అంతకంటె మెలకువ వలసిన ఘడియ వేరొకటి లేదు. ఎవరు వేయవలెను, ఎన్ని వేయవలెను, ఎవరెక్కడ నిలువవలెను, వేసినది చెల్లునా చెల్లదా అను ప్రశ్నల కన్నిటికిని క్షణములలో సమాధానము చెప్పవలసి యుండును. ఇందు జరుగు తప్పులలో దిద్దదగిన వెవ్వి, దిద్దుటకు గడువెంత, ఆ గడువును కనిపెట్టవలసిన వారెవరు అను విషయములను మా విద్యార్థినీ విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును విన్నవింపదలచితిమి.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కల్పించినపుడు వ్రాసిన పదుమూడు నిబంధనలలో ఫ్రీ త్రో మాటయే లేదు. ఒక పక్షము వారు వరుసగా మూడు ఫౌలులు చేసినచో ఎదుటి పక్షమునకు ఒక గోలు కలిపెడివారు. 1894లో ఫ్రీ త్రో ప్రవేశించినది. మొదట ఇరువది అడుగుల దూరము నుండి వేయించిరి. మరుసటి యేడు దానిని పదునైదడుగులకు తగ్గించిరి. నేటి అంతర్జాతీయ నిబంధనలలో బోర్డు నుండి ఫ్రీ త్రో గీతకు గల 4.60 మీటర్ల దూరము దాదాపు అదియే. ఇంకొక ముచ్చట. 1924 వరకు అమెరికాలో ఫౌలుకు గురియైనవాడే బంతి వేయవలెనను నియమము లేదు. జట్టులో గురి తప్పనివా డొకడుండి, అందరి ఫ్రీ త్రోలను తానే వేసెడివాడు. నేడది తప్పు. దెబ్బ తిన్నవాడే వేయవలెను. గాయపడి బయటికి పోవలసివచ్చినచో వాని స్థానమున వచ్చిన ఆటగాడు వేయవలెను.

ఈ క్రీడ మనకు దూరపు చుట్టము కాదు. స్ప్రింగ్‌ఫీల్డులోనే శిక్షణ పొందిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసున వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. అప్పటికి మన సత్యవేడు మద్రాసు రాజధానిలో చెంగల్పట్టు జిల్లాకు చెందియున్నది. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలోనికిని, 2022లో తిరుపతి జిల్లాలోనికిని వచ్చినది. జిల్లాలు మారినను మద్రాసు దూరము మారలేదు కదా.

ఇక లెక్కకు వత్తము. బుట్టలో బంతి వేయుచున్నవానిపై ఫౌలు జరిగి, బంతి పడినచో ఆ పాయింట్లు చెల్లును, అదనముగా ఒక ఫ్రీ త్రో లభించును. బంతి పడనిచో రెండు పాయింట్ల ప్రాంతము నుండి వేసినవానికి రెండు, మూడు పాయింట్ల గీత వెలుపలి నుండి వేసినవానికి మూడు ఫ్రీ త్రోలు. ఇందు సందేహమునకు తావు తక్కువ. చిక్కంతయు జట్టు ఫౌలుల లెక్కలో నున్నది. ఒక క్వార్టరులో ఒక జట్టు చేసిన ఫౌలులు నాలుగైన పిదప, అనగా ఐదవ ఫౌలు మొదలుకొని, బంతి వేయు యత్నములో లేనివానిని అడ్డగించినను రెండు ఫ్రీ త్రోలు ఇయ్యవలెను. నాలుగవ ఫౌలుకే ఇచ్చుట మన మైదానములలో తరచుగ కనబడు పొరపాటు. మరియొకటి గూడ గలదు. బంతి తమ జట్టు వశమున నుండగా ఆటగాడు ఫౌలు చేసినచో, జట్టు లెక్క ఐదు దాటినను ఎదుటివారికి ఫ్రీ త్రోలు రావు, బంతి మాత్రమే వచ్చును. అదనపు సమయము ఆడవలసివచ్చినపుడు నాలుగవ క్వార్టరు లెక్కయే కొనసాగును గాని, మరల ఒకటి నుండి మొదలు కాదు.

నిలుచుండు స్థలముల నియమములు పలువు రెరిగినవే. గీతకిరువైపుల ఐదుగురికి మించి నిలువరాదు: ఎదుటి పక్షము వారు ముగ్గురు, వేయువాని పక్షము వారిద్దరు. బంతి వేయువాని చేతిని వీడువరకు వారు కదలరాదు. బంతి చేతికందిన ఐదు సెకనులలో అతడు వేయవలెను. వేయునట్లు నటించి ఆపరాదు. ఎదుటి పక్షము వాడు ముందుగా లోనికి దూకినను బంతి బుట్టలో పడినచో పాయింటు చెల్లును, మరల వేయింపరాదు. పడనిచో మాత్రము మరియొక అవకాశ మియ్యవలెను. వేయువాడే గీత త్రొక్కినచో బంతి పడినను పాయింటు లేదు.

రిఫరీల తప్పులను మేము రెండు తెగలుగా విభజింతుము: కంటి తప్పు, లెక్క తప్పు. చేయి తగిలినదా లేదా, తగిలినది ఫౌలగునా కాదా అనునది కంటి పని. అందు పొరపాటు జరిగినను దానిని తిరుగదోడుటకు నిబంధనలు సాధారణముగ ఒప్పుకొనవు. మన పోటీలలో వచ్చు వాగ్వాదములు నూటికి తొంబది దీనిని గూర్చియే గావున, అవి యన్నియు వృథా శ్రమలే. లెక్క తప్పు అట్టిది కాదు. అంతర్జాతీయ సమాఖ్య నిబంధనలలో ఇట్టి వానికై ఒక ప్రత్యేక ప్రకరణము గలదు. అందు చెప్పబడిన తప్పులు నాలుగే: రాకూడని ఫ్రీ త్రో ఇచ్చుట, రావలసిన దానిని ఇయ్యకుండుట, పాయింట్లను పొరపాటున కలుపుట లేక కొట్టివేయుట, ఒకరు వేయవలసిన ఫ్రీ త్రోను వేరొకరిచే వేయించుట. నాలుగింట మూడు ఫ్రీ త్రోకు సంబంధించినవే యగుట గమనింపదగును.

అయితే ఈ దిద్దుబాటునకు గడువు గలదు. తప్పు జరిగిన పిదప ఆట గడియారము నడవ నారంభించి, తరువాత మొదటిసారి బంతి ఆట నుండి తొలగి, అనగా డెడ్ బాల్ అయి, మరల ఆటలోనికి వచ్చులోపల ఆ తప్పును కనుగొనవలెను. ఒక ఉదాహరణము చూతము. ‘క’ జట్టు ఆటగాడు బంతితో పోవుచుండగా ‘చ’ జట్టు వాడు ఫౌలు చేసెను. అది ఆ క్వార్టరులో ‘చ’ జట్టుకు నాలుగవది. స్కోరరు ఐదని చెప్పెను. రిఫరీ రెండు ఫ్రీ త్రోలిచ్చెను. మొదటిది పడినది. రెండవది తప్పినది. ‘చ’ వారు బంతినందుకొని పోవుచుండగా ‘క’ వాని చేయి తగిలి బంతి ప్రక్కగీత దాటినది. స్కోరరు కిప్పుడు తన తప్పు తెలిసినది. గీత వెలుపలి ‘చ’ ఆటగాని చేతికి రిఫరీ బంతి నందించులోపల సూచన చేసెనా, పడిన ఆ పాయింటు రద్దగును. గడచిన కాలము గడచినట్లే. తప్పు జరిగినపుడు బంతి ‘క’ వారిది, కనుగొన్నపుడు ‘చ’ వారిది గావున, జంప్ బాల్ సందర్భమున వలె బాణపు గుర్తు ఎవరి వైపున్నచో వారికి బంతి దక్కును. బంతి ఆ ఆటగాని చేతి కందిన మరుక్షణమున చెప్పినచో లాభము లేదు, రాకూడని పాయింటు వచ్చినట్లే నిలిచిపోవును.

ఇందొక సూక్ష్మము గలదు. పై ఉదాహరణమున ‘చ’ వారు తిన్నగా పోయి బుట్టలో వేసిరనుకొందము. బుట్టలో బంతి పడుటయు డెడ్ బాలే. వెంటనే ‘క’ వాడు చివరిగీత వెలుపల బంతి నందుకొనుటతో గడువు ముగియును. రెండు మూడు సెకనుల మాట! స్కోరరు తన కాగితమున లెక్కించుచు కూర్చుండుట కందు వ్యవధి లేదు. అట్లని బంతి ఆటలో నుండగా గంట కొట్టి ఆపరాదు, మొదటి డెడ్ బాల్ వరకు వేచి యుండవలెను. రావలసిన ఫ్రీ త్రో ఇయ్యక, పొరపాటున ప్రక్కగీత నుండి బంతి నిచ్చినపుడు, ఆ జట్టు అట్లే పోయి పాయింటు సాధించినచో ఆ తప్పును లెక్క చేయనక్కరలేదని గూడ నిబంధన చెప్పుచున్నది. మాకిది మిక్కిలి న్యాయముగ తోచును. ఉర్దూ విభాగపు మిత్రులు దీనినే ఇన్సాఫ్ అందురు కాబోలు.

బల్ల వద్ద జరిగిన చిన్న పొరపాటు ఎంత దూరము పోవునో తెలిసికొనుటకు 1972 మ్యూనిక్ ఒలింపిక్సు ఫైనలును మించిన పాఠము లేదు. సెప్టెంబరు 9 అర్ధరాత్రి వేళ అమెరికా, సోవియట్ జట్లు తలపడెను. అప్పటికి ఒలింపిక్సులో అమెరికా వరుసగా 63 ఆటలు గెలిచి యున్నది. మూడు సెకనులు మిగిలి, సోవియట్ వారు 49–48తో ముందుండగా, డగ్ కాలిన్స్‌పై తీవ్రమైన ఫౌలు జరిగినది. అతడు రెండు ఫ్రీ త్రోలును వేసి జట్టును 50–49కి చేర్చెను. అతడు రెండవదానికి సిద్ధమగుచుండగా బల్ల నుండి హారను మ్రోగినది! ఫ్రీ త్రోల నడుమ తాము టైం అవుట్ కోరితిమనియు, బల్లవారు దానిని సకాలమున తెలుపలేదనియు సోవియట్ పక్షము వాదించెను. రెండవ త్రో పడిన పిదప టైం అవుట్ ఇచ్చుటకు ఆనాటి నిబంధనలు ఒప్పుకొనవు. ఒక సెకను మిగిలి యుండగా ఆట నిలిచినది. అంతట అంతర్జాతీయ సమాఖ్య ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ దిగివచ్చి, గడియారమున మూడు సెకనులు తిరిగి పెట్టుడని ఆజ్ఞాపించెను. ఆట నడుమ అట్టి ఆజ్ఞ యిచ్చు అధికారము నిబంధనల ప్రకారము ఆయనకు లేదు. గడియారము సరిగా అమరకమునుపే ఆట మొదలిడిరి. హారను మ్రోగినది, అమెరికా వారు గెలిచితిమని గంతులిడిరి. మూడవమారు మరల మూడు సెకనులు! ఈసారి ఇవాన్ ఎడెష్కో కోర్టు ఈ చివర నుండి ఆ చివరకు విసరిన బంతిని అలెగ్జాండర్ బెలోవ్ అందుకొని బుట్టలో వేసెను. 51–50. బ్రెజిలుకు చెందిన రిఫరీ రెనాటో రిగెట్టో స్కోరుషీటుపై సంతకము చేయ నిరాకరించెను. అమెరికా ఫిర్యాదును అప్పీలు సంఘము 3–2 తేడాతో త్రోసిపుచ్చెను. ఆ జట్టువారు తమ వెండి పతకములను నేటికిని స్వీకరింపలేదు.

సోవియట్ వారికి అన్యాయము జరిగినదా, అమెరికా వారికా అని వాదించువారు నేటికిని గలరు. మాకు తోచిన దిది: మొదటి పొరపాటు బల్లవారిది. దానిని నిబంధనల దారిలో దిద్దక అధికారపు మాటతో దిద్దబూనుట రెండవది, అంతకంటె పెద్దది.

లెక్క తప్పునకు వేరొక తార్కాణము. 2007 డిసెంబరు 19న అమెరికా వృత్తి లీగులో అట్లాంటా, మయామీ జట్ల ఆట అదనపు సమయమున నుండగా, షకీల్ ఓనీల్ ఐదవ ఫౌలును బల్లవారు ఆరవదిగా లెక్కించి అతనిని బయటికి పంపిరి. మయామీ ఫిర్యాదును లీగు అంగీకరించి, మిగిలిన 51.9 సెకనుల ఆటను 2008 మార్చి 8న తిరిగి ఆడించెను. అట్లాంటా జట్టునకు 50,000 డాలర్ల జరిమానా పడెను. అప్పటికి ఓనీల్ వేరొక జట్టునకు పోయి యుండెను! ఆ 51.9 సెకనులలో ఎవరును పాయింటు చేయలేదు. మొదటి ఫలితమే నిలిచినది.

కోట్ల డాలర్ల లీగులోనే ఇట్లుండగా మన మాటేమి? పోటీ జరుగు ఉదయమున ఈల గలవారిని వెదకి తెత్తుము గాని, బల్ల వద్దకు ఖాళీగా కనబడిన విద్యార్థిని పిలిచి కూర్చుండబెట్టుదుము. దిద్దుబాటు గడువు ఆ విద్యార్థి చేతిలో నుండునని ఎవరును అతనికి చెప్పరు. ఈ విద్య కష్టమైనది కాదు. స్కోరుషీటులో మైదానపు గోలుకు ఏటవాలు గీత, పడిన ఫ్రీ త్రోకు నిండు చుక్క. ఫౌలుకు ‘పి’ అని వ్రాసి, ఫ్రీ త్రోలు వచ్చినచో ప్రక్కన వాని సంఖ్య వేయవలెను. ‘పి2’ అని యుండి ఆటగాడు బంతి వేయనిచో, తప్పు కాగితముపైననే కనబడును. ఒకటవ, మూడవ క్వార్టర్లు ఎర్ర సిరాతోను, రెండవ, నాలుగవ క్వార్టర్లు నీలము లేక నలుపు సిరాతోను వ్రాయుదురు గావున ఏ క్వార్టరు ఫౌలో వెదకనక్కరలేదు. నాలుగవ జట్టు ఫౌలు పడగానే బల్లపై ఆ జట్టు వైపు ఎర్రని గుర్తు నిలుపవలెను. అది యట్టముక్కయైనను చాలును.

కమిటీ పెద్దలకు మా విన్నపము స్వల్పము. వచ్చు క్రీడా సంవత్సరారంభమున నలుగురు విద్యార్థినీ విద్యార్థులను బల్ల పనికై ఎంపిక చేసి, సాయంకాలపు అభ్యాసపు ఆటలకే స్కోరుషీటు వ్రాయించి, మరునాడు వ్యాయామోపాధ్యాయులచే దిద్దించవలెను. రెండు రంగుల కలములు, ఒక గంట, సెకనులు చూపు గడియారము, కొన్ని స్కోరుషీటు పుస్తకములు తప్ప దీనికి వేరు ఖర్చు లేదు. ఆట ముగిసిన పిదప బల్లవారు ముందు, ప్రధాన రిఫరీ చివర సంతకము చేయుదురు. ఆ చివరి సంతకము పడువరకు కూడికలోని పొరపాట్లు దిద్దవచ్చును. పడిన పిదప దిద్దరాదు. కావున రిఫరీ కలము తీయుటకు ముందు స్కోరరు ప్రతి నిండు చుక్కను మరియొకమారు లెక్కించుకొనుటకు రెండు నిమిషముల వ్యవధి నియ్యవలెనని గూడ కోరుచున్నాము.