సంశయము - శాస్త్రావిష్కరణము

గౌతముడు న్యాయదర్శనమున పేర్కొన్న షోడశపదార్థములలో సంశయము మూడవది. బొత్తిగా తెలియని విషయమునందుగాని, నిర్ణీతమైన విషయమునందుగాని న్యాయము ప్రవర్తింపదనియు, సంశయితమైనదానియందే ప్రవర్తించుననియు వాత్స్యాయనభాష్య తాత్పర్యము. ఇందులకు ఆధునికవిజ్ఞానమున డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి (1895-1948) కృషి చక్కని దృష్టాంతము.

భీమవరమున జన్మించి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులై, 1923లో అమెరికా చేరిన సుబ్బారావుగారు, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ద్రావణమున నీలవర్ణము ఎంత గాఢమో ఫాస్ఫేటు అంత అధికమని దాని సూత్రము. అయితే కండరసారమున ఆ వర్ణము వెంటనే పూర్తిగా రాక, మెల్లమెల్లగా పెరుగజొచ్చెను. దీనిని ప్రయోగదోషమని త్రోసిపుచ్చవచ్చును, వారట్లు చేయలేదు. సులభముగా విడివడు పదార్థమేదో ఫాస్ఫేటును క్రమముగా వదలుచున్నదని ఊహించి వెదకగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయల్పడెను. అది ఆమ్లములలో త్వరగా విచ్ఛిన్నమగుటచే పూర్వులు దానినే సామాన్య ఫాస్ఫేటుగా లెక్కించుచుండిరి.

కండరము పనిచేయునపుడు ఈ పదార్థము తరిగి, విశ్రాంతిలో మరల పెరుగును. కండరసంకోచమునకు లాక్టికామ్లమే మూలమని నాడు ప్రబలియున్న మతము దీనితో సడలెను. ఆ ఆమ్లము పుట్టకయే కండరము సంకోచించునని 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డు నిరూపించెను.

కావున వ్యాప్తికి భంగము కనబడినపుడు విద్యార్థులు ఆ ఉదాహరణమును తుడిచివేయరాదు. అది పరీక్షకుని దోషమో, నూతనవస్తువు జాడయో విచారించి నిర్ణయింపవలెను. తాళపత్రములలోని పాఠభేదములను పరిష్కరించువారికిని ఇదియే మార్గము.