ఏరోసాల్స్‌పై ఉపగ్రహాల నిఘా

గాలిలో తేలియాడే సూక్ష్మ ఘన, ద్రవ కణాలే ఏరోసాల్స్. కొలమానం: ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ (ఏఓడీ). దీనికి ప్రమాణం (యూనిట్) లేదు. సాధారణంగా 550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద చెబుతారు.

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే: ఏఓడీ అంటే పీఎం 2.5 కాదు. ఏఓడీ నేల నుంచి పైదాకా మొత్తం వాతావరణ స్తంభానిది, పీఎం 2.5 మనం పీల్చే గాలిలోని సాంద్రత.

కణాల పరిమాణాన్ని సూచించే ఆంగ్‌స్ట్రామ్ ఘాతాంకం ఎక్కువైతే సన్న కణాలు (పొగ), తక్కువైతే ముతకవి (ఎడారి ధూళి). పరీక్షలో వీటిని తారుమారు చేసి అడగొచ్చు.

మోడిస్ పరికరం: 36 బ్యాండ్లు, టెర్రా (1999), ఆక్వా (2002) ఉపగ్రహాలపై ఉంది. ఎడారుల్లాంటి మెరిసే నేలలపై ‘డీప్ బ్లూ’ పద్ధతి.

కాలిప్సో (2006–2023): నాసా, ఫ్రాన్స్ ప్రయోగం. లైడార్‌తో కణాలు ఏ ఎత్తులో ఉన్నాయో చూపింది.

2024లో ప్రయోగించినవి: పేస్ (నాసా), ఎర్త్‌కేర్ (ఈసా–జాక్సా).

ఏరోనెట్ ఉపగ్రహం కాదు, నేలపై సన్ ఫొటోమీటర్ల వ్యవస్థ. ఉపగ్రహ లెక్కలను దీనితో సరిచూస్తారు.