శునక సంతతి – మానవుని బాధ్యత

మానవుడు మచ్చిక చేసిన జంతువులలో కుక్క మొదటిది. వేట, కాపలా, మందల రక్షణ – ఏ పనికి ఏ లక్షణం అవసరమో గమనించి, ఆ లక్షణం గల జంటలను కలిపి మనిషి అనేక జాతులను రూపొందించాడు. కనుక కుక్క సంతానోత్పత్తి కేవలం ప్రకృతి కార్యం కాదు. అందులో మనిషి ఎంపిక ఉన్నది. ఎంపిక ఉన్నచోట బాధ్యత తప్పదు.

ఆడకుక్క సాధారణంగా 6 నుంచి 12 నెలల వయస్సులో తొలిసారి ఎదకు వస్తుంది. పెద్ద జాతులలో ఇది మరికొంత ఆలస్యం కావచ్చును. తరువాత ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎద వస్తుంది. ఎదకాలం దాదాపు మూడు వారాలు. మొదటి వారం పదిరోజులు రక్తస్రావం కనిపించినా అది మగకుక్కను దగ్గరకు రానీయదు. ఆ తరువాతి రోజులే గర్భధారణకు అనువైనవి. అప్పుడు ఒకటి కంటె ఎక్కువ మగకుక్కలతో కలిస్తే, ఒకే ఈతలోని కూనలకు వేరువేరు తండ్రులు ఉండవచ్చును. అందుచేత రక్తస్రావం తగ్గినదని ఏమరక, ఎద పూర్తిగా ముగిసేవరకు దానిని కాపాడవలెను.

తొలి ఎదలోనే జత కలపడం తగదు. తాను ఇంకా ఎదుగుతున్న శరీరం మరికొన్ని ప్రాణాలను మోయవలసి వస్తుంది. జత కలిపే ముందు రెండింటికీ బ్రూసెల్లా వ్యాధి పరీక్ష, పెద్ద జాతులైతే తుంటి కీళ్ల పరీక్ష చేయించాలి.

గర్భావధి సుమారు 63 రోజులు. నెల రోజులకు పశువైద్యుడు స్కానింగు ద్వారా గర్భాన్ని నిర్ధారించగలడు. ఈనడానికి ఒకరోజు ముందు తల్లి శరీర ఉష్ణోగ్రత సాధారణంగా 99 డిగ్రీల ఫారన్‌హీటు కంటె దిగువకు పడిపోతుంది. పుట్టిన కూనలు చూడలేవు, వినలేవు, ఒంటి వేడినైనా నిలుపుకోలేవు. తొలిరోజు తాగిన ముర్రుపాలే వాటికి వ్యాధుల నుంచి రక్షణ. దాదాపు రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి. ఆపై తోబుట్టువులతో ఆడుతూ, గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పి కలుగుతుందని నేర్చుకుంటాయి. తల్లి నుంచి తొందరగా వేరుచేసిన కూనకు ఈ శిక్షణ కరవవుతుంది.

ఎంపిక గాడి తప్పితే ఏమగునో రాజపాళయం కుక్క తెలుపుతుంది. తెలుగు మాట్లాడే రాజులు తరతరాలుగా నివసిస్తున్న తమిళనాడు పట్టణం రాజపాళయం. ఆ ఊరి పేరు పొందిన ఈ వేటకుక్క బొమ్మతో 2005లో భారత తపాలాశాఖ బిళ్ల విడుదల చేసింది. పాలవంటి తెల్లని ఒళ్లు, గులాబిరంగు ముక్కు దీనికి అందం. ఆ తెలుపు కోసమే జతలను ఎంచడం పరిపాటి అయినది. అయితే చర్మానికి రంగునిచ్చే కణాలు లోపలి చెవికి కూడ అవసరం. అవి లోపించిన చోట వినికిడి నశిస్తుంది. ఈ జాతిలో పుట్టుచెవుడు కనిపించడానికి ఇదే కారణం. దగ్గరి రక్తసంబంధం గల జంటలను కలిపితే ఇటువంటి లోపాలు మరింత బలపడతాయి. చెవిటి కూన అమ్ముడుపోదు. రూపాన్ని కోరినది మనిషి. మూల్యం చెల్లించేది కూన.

లాభం కోసం ఆడకుక్కలను వరుసగా ఈనించే వారిని అదుపు చేయుటకు కేంద్రప్రభుత్వం 2017లో నియమాలు చేసింది. వాటి ప్రకారం 18 నెలలు నిండని ఆడకుక్కను సంతానానికి వినియోగించరాదు. ఎనిమిది వారాలు నిండని కూనను విక్రయించరాదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావలెను.

అన్ని పెంపుడు కుక్కలూ తల్లులు కానక్కరలేదు. ఒక్కసారైనా ఈనితేనే ఆడకుక్కకు ఆరోగ్యమన్నది అపోహ. శస్త్రచికిత్స ద్వారా గర్భాశయం, అండాశయాలు తొలగిస్తే గర్భాశయంలో చీము పట్టే ప్రాణాంతక వ్యాధి కూడ తప్పుతుంది. పుట్టబోయే ప్రతి కూనకు ఇల్లు చూపగలిగినవారే జత కలపడానికి పూనుకోవాలి. వీధిపాలైన కూనకు ఆకలి, వాహనాలు, వ్యాధులే ఎదురవుతాయి.

అర్థాలు
ఎద = ఆడజంతువు గర్భధారణకు సిద్ధమయ్యే స్థితి
ఈత = ఒక కాన్పు
కూన = పిల్ల
ముర్రుపాలు = ఈనిన వెంటనే వచ్చే చిక్కని పాలు
మూల్యం = వెల

ప్రశ్నలు
1. ఎద ముగిసేవరకు ఆడకుక్కను ఎందుకు కాపాడాలి?
2. కూనను తల్లి నుంచి తొందరగా వేరుచేస్తే కలిగే నష్టమేమి?
3. "రూపాన్ని కోరినది మనిషి, మూల్యం చెల్లించేది కూన" – రాజపాళయం కుక్క ఆధారంగా వివరించండి.